చీమలు లేని దురద

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం.

పాపా,

మొన్న వీడియో కాల్‌లో నన్ను చూసి "ఏమమ్మా, ముఖం అట్లా ఎండిపోయింది?" అన్నావు. పక్కన మీ అత్తమ్మ ఉందని, ఎండలు అని చెప్పి మాట దాటేశాను. రెండేళ్లుగా నేనూ అదే అనుకుంటూ వచ్చాను. ఎండ, ఉప్పు తేలే బోరు నీళ్లు, పొద్దస్తమానం కొట్టే గాలి. నింద వేయడానికి మన ఊళ్లో ఏం తక్కువ?

స్నానం చేసి తుడుచుకోగానే పిక్కలు సుద్ద రాసినట్టు తెల్లబడేవి. రాత్రిళ్లు చేతుల మీద చీమలు పాకినట్టుండేది. లేచి లైటు వేసి పక్క దులిపితే ఒక్క చీమా ఉండేది కాదు. మీ నాయన పాపం, మంచం కోళ్ల చుట్టూ చీమల మందు కూడా చల్లాడు.

చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె మొదట అడిగింది దురద గురించి కాదు, "నెలసరి ఆగి ఎన్నాళ్లయింది?" అని. 49కి ఆగింది, ఇప్పుడు మూడో ఏడు. ముట్లుడిగితే ఒళ్లంతా ఆవిర్లు వస్తాయని, కోపం ఎక్కువవుతుందని పెద్దోళ్లు అనుకుంటుంటే విన్నానే గానీ, చర్మం కూడా మారిపోతుందని ఎవరూ చెప్పలేదు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోతే చర్మం నూనెనూ తేమనూ పట్టి ఉంచుకోలేదట. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ మొదటి 5 ఏళ్లలోనే 30 శాతం దాకా పోతుందట. అందుకే గాజు ఒరుసుకున్నా కమిలిపోతోంది, చిన్న గాయమైనా మానడానికి వారాలు పడుతోంది. థైరాయిడ్, షుగర్ ఉన్నా దురద వస్తుందని ఆ పరీక్షలూ చేయించింది. అవి బాగానే ఉన్నాయి.

ఇంకొకటి నీకు చెప్పకుండా దాచాను. చెంపల మీద మంగు కమ్మిందని ఒక మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లో ముఖం తేటబడింది. పక్కింటావిడ కూడా అదే కొనుక్కుంది! మూడో నెలకి ఎండలోకి అడుగు పెడితే మంట, చెంపల్లో ఎర్రటి నరాలు, యాభై దాటాక మొటిమలు. అందులో ఉన్నది స్టెరాయిడ్ అట. డాక్టరు చీటీ లేకుండా అమ్మనే కూడదట. అసలే పలచబడుతున్న చర్మాన్ని అది ఇంకా పలచన చేస్తుంది, ఒక్కసారిగా ఆపితే మంట తిరగబెడుతుంది. డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లగా మాన్పించుకున్నాను.

ఇప్పుడు చేసేది పెద్దగా ఏమీ లేదు. కాగే నీళ్లు మానేసి గోరువెచ్చటి నీళ్లు, నురగ ఎక్కువ రాని సబ్బు, అదీ చంకలకూ పాదాలకూ మాత్రమే. సున్నిపిండితో గట్టిగా రుద్దే అలవాటు మానడమే కష్టమైంది, మురికి పోలేదనే అనిపిస్తుంది. ఒళ్లు తడి ఆరకముందే వాసన లేని క్రీమో, వాజలైనో రాసుకుంటాను. మిద్దె మీద బట్టలు ఆరేయడానికి పోయినా ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, పైన కొంగు. గడ్డం కింద మొలిచిన నాలుగు వెంట్రుకలకు ప్లక్కర్ కొన్నాను. మీ నాయన తన రేజర్ ఇస్తానన్నాడు, చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ముడతలకని నువ్వు బెంగళూరు నుంచి పంపిన రెటినాల్ సీసా వాడుతున్నాను. మొదట్లో రోజూ రాస్తే తోలు ఊడింది. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు, బఠానీ గింజంత. కానీ నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. మీరు పిల్లల కోసం చూస్తున్నారు కదా, కడుపుతో ఉన్నప్పుడు అది వాడకూడదు. నీ అలమరలో ఉంటే ఇవాళే తీసి పక్కన పెట్టు.

రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నా. కింద, నెలసరి వచ్చే చోట లోపలి చర్మం కూడా ఇట్లాగే పొడిబారుతుంది, మంట పుడుతుంది. ఆడవాళ్ల డాక్టరుకు చెబితే దానికీ మందుంది. నేను ఏడాదిపాటు నోరు మూసుకుని ఓర్చుకున్నాను, ఎందుకో నాకే తెలీదు. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలట.

మీ అవ్వ గుర్తుందా, రాత్రంతా పిక్కలు గోక్కుంటూ కూర్చునేది? మనం వయసు చాదస్తం అనుకునేవాళ్లం. నిన్న ఊరికి పోయి ఆమె కాళ్లకు వాజలైన్ రాశాను. "ఇప్పుడెందుకే ఇవన్నీ నాకు" అని తిట్టింది. తిడుతూనే రెండో కాలు చాపింది.

అమ్మ