శ్రీలంక రైతే దొరికాడా పాపాల భైరవుడు?

సంపాదకుడు గారికి,

శ్రీలంక వరిపొలాల నుంచి వచ్చే, భూమిని వేడెక్కించే మిథేన్ వాయువు గురించి పోయిన వారం మీరు రైతునే తప్పుపడుతూ అర పేజీ వ్యాసం వేశారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను గానీ కోతల హడావిడిలో కుదరలేదు. ఈలోగా ఎవరో ఒకరు రాయకపోతారా అని రోజూ ఉత్తరాల శీర్షిక చూస్తూనే ఉన్నాను. బస్టాండ్ మరుగుదొడ్ల మీద వచ్చాయి, టీవీ సీరియళ్ల మీద వచ్చాయి. వరి సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు.

పొలంలో మిథేన్ పుట్టదని నేను వాదించను. నీళ్లు నిలిచిన మడిలో కాలు దింపితే పక్కనుంచి బుడబుడమని బుడగలు పైకి రావడం నాట్లు వేసిన ప్రతివాడూ చూసిందే. గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు పాత మొదళ్లనీ గడ్డినీ కుళ్లబెట్టి ఆ వాయువును తయారుచేస్తాయి. బుడగలుగా వచ్చేది కొంతే, ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి సందుల్లోంచే పైకి పోతుంది. ఇంతవరకు మీ వ్యాసం ఒప్పే. కానీ కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ప్రమాదకరం అని లావు అక్షరాల్లో వేశారే, అది 20 ఏళ్లకు కట్టిన లెక్క. నూరేళ్లకు కడితే 27 రెట్ల దగ్గర ఆగుతుంది. రెండో అంకె కూడా వేసి ఉంటే పేజీలో చోటు చాలకపోయేదా?

అసలు కోపం అది కాదు. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే మిథేన్‌లో ప్రపంచంలోని వరిపొలాలన్నిటి వాటా 8 శాతం. బొగ్గు, చమురు, గ్యాస్‌ల వాటా 35 శాతం. ఇక శ్రీలంకలో రెండు పంటలూ కలిపినా వరి వేసేది పది పన్నెండు లక్షల హెక్టార్లు. ప్రపంచ వరి విస్తీర్ణంలో ఒక శాతం కూడా కాదు. ఆ దేశం విడిచే వాయువులన్నీ కలిపినా ప్రపంచ మొత్తంలో వెయ్యో వంతుకు రావు. గ్యాస్ బావుల దగ్గర లీకయ్యే మిథేన్ మీద మీరు అర పేజీ వేసిన గుర్తు నాకు లేదు. గోచీ పెట్టుకున్నవాడైతే తిరిగి కేసు వెయ్యడు కదా!

ఆ దేశం రైతు మీద ఇలాంటి నీతులు ఎలా రుద్దారో అప్పుడే మరిచిపోయారా? 2019 అధ్యక్ష ఎన్నికల్లో గోటబయ రాజపక్స పదేళ్లలో సేంద్రియ సాగుకు మారుద్దామన్నాడు. గెలిచాక 2021 మే నెలకల్లా రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశాడు. రైతులు రోడ్డెక్కితే నవంబరులో వెనక్కి తగ్గాడు గానీ అప్పటికే ‘మహా’ అనే అక్కడి పెద్ద పంటకు అదును దాటిపోయింది. దిగుబడి కూలిపోయి, తన బియ్యం తాను పండించుకునే దేశం బయటి బియ్యం కోసం చెయ్యి చాచింది. మన దేశం నుంచి అప్పు మీద బియ్యం వెళ్లాయి. మీ పత్రికలో అప్పుడు అవన్నీ వచ్చాయి, కావాలంటే పాత సంచికలు తిరగెయ్యండి.

ఇందులో మీ వ్యాసకర్త చెప్పని తిరకాసు ఒకటుంది. పచ్చిరొట్ట, గడ్డి, మాగని పశువుల ఎరువు నీళ్లు నిలిచిన మడిలో కలియదున్నితే మిథేన్ ఇంకా పెరుగుతుంది. ఒక ఏడు వచ్చి యూరియా మానెయ్, రొట్ట తొక్కు అంటారు. మరో ఏడు అదే రైతు దగ్గరకొచ్చి నీ మడిలోంచి గ్యాస్ వస్తోంది అంటారు. ముందు ఏదో ఒక మాట మీద నిలబడండి బాబూ!

మడిని ఆరబెట్టి మళ్లీ తడి పెట్టే పద్ధతి మంచిదే. చిల్లుల పైపు ముక్క మడిలో పాతుకుని, నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ పెట్టాలి. పూత వేళ మాత్రం ఎండనివ్వకూడదు. సరిగ్గా చేస్తే మిథేన్ మూడో వంతు నుంచి సగం వరకు తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. కానీ ఆరబెట్టాలంటే నీళ్లు తియ్యడానికి మురుగు దారి ఉండాలి, అడిగిన రోజున కాలువ రావాలి. శ్రీలంకలో గాలె, మాతర వైపు పల్లపు పొలాల్లో నీళ్లు ఎటూ పోవు. అనురాధపురం వైపు చెరువుల కింద వంతులవారీ నీళ్లు. చెరువు తగ్గిన ఏడు ఆయకట్టు మొత్తం వెయ్యకుండా, తూముకు దగ్గరున్న భూమినే ఆ పంటకు అందరూ పంచుకుని సాగు చేసే ఆనవాయితీ అక్కడుంది. బెత్మ అంటారు. నీళ్లు పొదుపు చెయ్యడం వాళ్లకు మనం నేర్పాలా?

మా సంగతే చూడండి. మాది కాలువ శివారు. వంతు వచ్చిన రోజున పెట్టుకోకపోతే మళ్లీ ఎప్పుడొస్తాయో కాలువ నీళ్లు వదిలే లస్కరుకే తెలియదు. అలాంటప్పుడు ఎవడు మడి ఆరబెడతాడు? వాన పడితే మళ్లీ నీళ్లు పోవు, మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క. పూడిక తీసినట్టు ప్రతి వేసవిలో బిల్లులు మాత్రం అవుతాయి, తీసిన మట్టి ఎక్కడ పోశారో ఎవరికీ కనిపించదు. అర్జీ పెడితే ఆ శాఖ కాదు ఈ శాఖ అని తిప్పుతారు. మొన్న ఒక కంపెనీ కుర్రాళ్లు వచ్చి మడికో పైపు పాతి, ఫోన్‌లో ఫోటోలు తీసుకుని, పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకెళ్లారు. మిథేన్ తగ్గించినందుకు లెక్కగట్టి అమ్ముకునే కార్బన్ క్రెడిట్ డబ్బులు ఖాతాలో పడతాయట. పైపు ఉంది, కుర్రాళ్లు లేరు. చైనాలో ఇలాంటి వరి ప్రాజెక్టులు 37 ఉంటే క్రెడిట్లు నమోదు చేసే సంస్థే 2024లో తిరస్కరించింది. ఆ కబురు మీ వ్యవసాయ పేజీలో వచ్చిందో లేదో, ట్రాక్టర్ల ప్రకటనల మధ్య నాకైతే కనబడలేదు.

కొలంబో వాళ్లయినా మన వాళ్లయినా మిథేన్ తగ్గించాలంటే ముందు తూములకు తలుపులు బిగించాలి, మురుగు కాలువలు తవ్వాలి. ఆ తర్వాత రైతుకు పాఠాలు చెప్పొచ్చు.

ఇంకో మాట. వ్యాసం పైన అనురాధపురం పొలాలన్నట్టు వేసిన కొండమీది మెట్ల పొలాల ఫోటో ఫిలిప్పీన్స్‌లోని బనావేది. అనురాధపురం బల్లపరుపు నేల, అక్కడ చెరువులుంటాయి. సవరణ వేస్తారేమో చూస్తాను.

ఇట్లు,
ఒక వరి రైతు,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా