మంగళవారం రాత్రి సర్వర్ ఎందుకు ఆగింది, మీ డేటా ఏమైంది

మా కస్టమర్లందరికీ నమస్కారం. మంగళవారం అర్ధరాత్రి దాటాక 1:10 నుంచి 4:35 దాకా మీ సైట్లు, బిల్లింగ్ నడిచే మన సర్వర్ ఆగిపోయింది. మీలో ముగ్గురికైతే బుధవారం మధ్యాహ్నం దాకా బిల్లింగ్ రాలేదు. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉండగా వాళ్లు చేత్తో బిల్లులు రాయాల్సి వచ్చింది. తప్పు నాదే, క్షమించండి. అసలేం జరిగిందో మీకు పూర్తిగా చెప్పాలి.

డిస్కు నిండిపోయింది. డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే 160 జీబీలో నూటికి నూరు శాతం వాడేసినట్టు చూపించింది. డీయూ అనే ఇంకో కమాండ్‌తో ఫోల్డర్లన్నీ లెక్కేస్తే మాత్రం 61 జీబీ దాటలేదు. మిగతాదంతా ఎటు పోయిందో అర్థం కాలేదు. రెండు వారాల కింద బాగా పెరిగిన ఒక లాగ్ ఫైల్‌ని (ప్రోగ్రామ్ తను చేసేవన్నీ రాసుకునే ఫైల్) నేను ఆర్‌ఎమ్ అనే డిలీట్ కమాండ్‌తో తీసేశాను. మన సర్వర్ నడిచే లినక్స్‌లో ఫైల్ పేరు తీసేసినా, దాన్ని తెరిచి పెట్టుకున్న ప్రోగ్రామ్ వదిలేదాకా ఆ జాగా ఖాళీ కాదు. ఆ ప్రోగ్రామ్ ఇన్నాళ్లూ పేరు లేని ఫైల్‌లోకి రాస్తూనే ఉంది. పేరున్న ఫైళ్లనే లెక్కేసే డీయూకి అది దొరకదు. చివరికి ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరిచి ఉంచిందో చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో వెతికితే, పక్కన ‘డిలీటెడ్’ అని ఉన్న ఒకే ఒక్క వరుసలో 97 జీబీ కనిపించింది. ఆ సర్వీసు రీస్టార్ట్ చేయగానే జాగా తిరిగొచ్చింది. ఆ రోజు ఫైల్ తీసేసే బదులు ట్రంకేట్ కమాండ్‌తో దాని సైజు సున్నా చేసి ఉంటే సరిపోయేది.

ఈలోపే కంగారులో ఇంకో తప్పు చేశాను. డిస్కు నిండినప్పుడు, మీ డేటా దాచే డేటాబేస్ ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్ జాగా కోసం ఎదురుచూస్తూ ఆగుతుంది. అది హ్యాంగ్ అయిందనుకుని ప్రోగ్రామ్‌ని బలవంతంగా ఆపేసే కిల్ మైనస్ 9 కొట్టాను. ఆ ముగ్గురి పాత సాఫ్ట్‌వేర్లు మైఐసామ్ అనే పాత రకం డేటాబేస్ టేబుళ్ల మీద నడుస్తున్నాయి. ఇన్నోడీబీ అనే కొత్త రకం టేబుళ్లలాగా అవి వాటంతటవే కోలుకోలేవు. పాడయ్యాయి.

బ్యాకప్ ఉందిగా అని తెరిచాను. తొమ్మిది రోజుల ఫైళ్లు, ఒక్కొక్కటీ సరిగ్గా 20 బైట్లు. ఫైళ్లని కుదించే జిజిప్‌కి ఏమీ లేని డేటా ఇస్తే వచ్చే సైజు అది. నాకు చేతులు చల్లబడ్డాయి. పది రోజుల కింద డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి, బ్యాకప్ స్క్రిప్టులో మార్చడం మరిచాను. డేటాబేస్ మొత్తాన్ని ఫైల్‌గా రాసే డంప్ రోజూ ఫెయిలవుతోంది. కానీ డంప్‌ని పైప్ ద్వారా, అంటే నేరుగా, జిజిప్‌కి పంపినప్పుడు, కమాండ్లు నడిపే షెల్ చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది. జిజిప్ పని సజావుగా ముగిసింది కాబట్టి ‘బ్యాకప్ పూర్తయింది’ అని రోజూ మెయిల్ వచ్చింది. నేనూ నమ్మాను.

మిమ్మల్ని కాపాడింది బిన్‌లాగ్, అంటే డేటాబేస్‌లో జరిగిన మార్పులన్నీ వరుసగా రాసుకునే ఫైళ్లు. మైఎస్‌క్యూఎల్ 8లో అది మనం ఆన్ చేయకపోయినా రాస్తుంది, 30 రోజులు దాస్తుంది. చివరి మంచి డంప్ ఎక్కించి, దాని మీద ఆ తర్వాతి బిన్‌లాగ్ మొత్తం వరుసగా నడిపాం. రాత్రి 1:10కి ముందున్న బిల్లులన్నీ వచ్చాయి. సర్వర్ ఆగి ఉన్న ఆ మూడున్నర గంటల్లో వచ్చిన ఆన్‌లైన్ ఆర్డర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు, వాటిని నేను తెచ్చివ్వలేను.

స్క్రిప్టులో, పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా తప్పుగా లెక్కేసే పైప్‌ఫెయిల్ పెట్టాను. నిన్నటి డంప్ కంటే ఇవాళ్టిది సగానికి తగ్గితే నా ఫోన్ మోగుతుంది. పొద్దున ఆరులోపు బ్యాకప్ సందేశం రాకపోయినా మోగుతుంది, ఎందుకంటే తప్పు జరిగితేనే మెయిల్ పంపే ఏర్పాటు, అసలు స్క్రిప్టే నడవకపోతే నోరు మెదపదు. డిస్కు 80 శాతం దాటినా అంతే. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో రెండో కాపీ వేరే ఊళ్లోని మెషీన్‌కి వెళ్తోంది. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి నెలా మొదటి ఆదివారం ఖాళీ సర్వర్ మీద మీ డేటా ఎక్కించి, చివరి బిల్లు నంబరు మీకు వాట్సాప్‌లో పంపుతాను. మీ పుస్తకంలో ఉన్న నంబరుతో సరిచూడండి.

ఆ ముగ్గురికీ ఈ నెల చార్జీ లేదు. మైఐసామ్ టేబుళ్లని ఇన్నోడీబీకి మార్చే పని వచ్చే ఆదివారం రాత్రి 11కి మొదలుపెడతాను, డబ్బు తీసుకోను. మంగళవారం రాత్రి మీ సైట్‌లో డబ్బు కట్టి ఆర్డరు అందని వాళ్లు ఎవరైనా ఫోన్ చేస్తే నాకు వెంటనే చెప్పండి. పేమెంట్ గేట్‌వే లెక్కల్లో ఆ రాత్రి పడ్డ డబ్బు మీతో కూర్చుని ఒక్కొక్కటీ చూస్తాను.