వార్షిక నివేదిక: సాంస్కృతిక విభాగం – సత్యభామ ఒకరు, గొంతు మరొకరిది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల తెలుగు తరగతులు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర చాలలేదన్న ఫిర్యాదూ ఎప్పటిలాగే వచ్చింది. అందువల్ల వాటిని ఇంతటితో వదిలి, ఈ ఏడాది మన బెంగళూరు తెలుగువారిలో ఇంటింటా వాదనకు దారితీసిన విషయానికి వస్తాను. ముఖ్యపాత్రధారి పాడకుండా సంగీత నాటకం వేయవచ్చా?

సత్యభామ కథను ఆడిపాడే కూచిపూడి నృత్యనాటకం భామాకలాపం ప్రదర్శించాలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించింది. సత్యభామ వేషానికి మన సభ్యుల అమ్మాయే దొరికింది. అడుగు చక్కగా పడుతుంది, మాటలో స్పష్టత ఉంది, పాట మాత్రం రాదు. వెంటనే పెద్దలు కొందరు అడ్డుచెప్పారు. అది సహజమే. మనవాళ్లు పద్యనాటకం మీద పెరిగినవారు. రాయబారానికి వచ్చిన కృష్ణుడు రాగం ఎంతసేపు తీశాడన్నదాన్నిబట్టి నటుణ్ణి తూచి, నచ్చితే వన్స్ మోర్ అని అరిచే ప్రేక్షకులు. పైగా కంఠంతో పాటను పట్టి, చేతులతో అర్థాన్ని చూపమని ప్రాచీన నాట్యగ్రంథం అభినయదర్పణమే చెబుతోంది కదా అని ఒక పెద్దాయన శ్లోకం కూడా చదివారు. పాత కూచిపూడి మేళాలలో వేషధారులు తామే పాడి, తామే ఆడేవారన్నదీ నిజం. కాబట్టి ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేకపోయాము.

అయితే దీనికి రెండో సంప్రదాయం కూడా ఉంది, అది మనకు బస్సు దూరంలోనే ఉంది. సంక్రాంతి సెలవులలో ఉడుపి వైపు వెళ్లి రాత్రంతా కన్నడ యక్షగానం చూశాము. అక్కడ మేళాలు నవంబరు నుంచి మే దాకా ఊరూరా ఆడుతుంటాయి. వెనక భాగవతుడు అనే గాయకుడు, మద్దళె, చెండె అనే వాద్యాలు ఉంటే దాన్ని హిమ్మేళం అంటారు. ముందు వేషాలు ముమ్మేళం. పాటంతా భాగవతుడిదే. వేషధారి ఆ పాటకు ఆడి, అది ముగిశాక దాని భావాన్ని వచనంలో, అప్పటికప్పుడు అల్లుకుంటూ చెబుతాడు. రాజు ఎంత పెద్ద కిరీటం పెట్టుకున్నా భాగవతుడు తర్వాతి పద్యం ఎత్తుకుంటే మాట ఆపవలసిందే. ప్రదర్శన పగ్గాలు పాడేవాడి చేతిలో ఉన్నాయని మనవాళ్లకు అక్కడ కళ్లారా తెలిసింది. తెల్లవారుజామున సగం మంది కునికిపాట్లు పడ్డ మాట కూడా దాచను.

కేరళ వారి కథకళిలో ఈ పద్ధతి ఇంకా ముందుకు వెళ్లింది. వేషధారి పాడడు సరే, పలకడు కూడా. ఎర్రగడ్డం వంటి కొన్ని వేషాలు అరుపులు, కేకలు మాత్రం వేస్తాయి. పొన్నాని అనే ప్రధాన గాయకుడు చేంగిల అనే కంచు పళ్లెం మోగిస్తూ, శింకిడి అనే రెండో గాయకుడు ఇలత్తాళం అనే తాళాలు వేస్తూ నటుడి వెనక నిలబడి పాడతారు. ఒక్క మాటను నటుడు ముద్రలతో విస్తరిస్తున్నంతసేపూ గాయకులు ఆ పాదాన్నే తిప్పి తిప్పి పాడాలి. నటుడు సొంతంగా కల్పించి ఆడే ఘట్టంలో పాటే ఉండదు, చెండ, మద్దళం మాత్రమే తోడుంటాయి. మలయాళ కవి వళ్లత్తోళ్ ప్రభృతులు 1930లో స్థాపించిన కేరళ కళామండలంలో వేషానికి ఉన్నట్టే సంగీతానికీ ప్రత్యేక శిక్షణ ఉంది. మనకు ఈ సంగతులన్నీ చెప్పిన కథకళి గాయకుడు ముగింపులో, తాను పాడేటప్పుడు సాహిత్యం కాగితం కాక నటుడి చేతులు చూస్తానని అన్నారు. మన సన్నాహాలకు ఆ ఒక్క మాట బాగా పనికొచ్చింది.

ఇంతకీ మన కూచిపూడిలోనూ ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక చేసిన నృత్యనాటకాలకు పట్రాయని సంగీతరావు గారు సంగీతం కూర్చి, పాడారు కూడా. 1920లో పుట్టి 2021లో కన్నుమూసిన ఆయన అంతకుముందు సినిమాలలో ఘంటసాల గారికి సహాయకులు. వెండితెర మీద ఎన్టీఆర్, ఏఎన్నార్ పెదవులకు మరొకరి గొంతును హాయిగా ఒప్పుకున్న మనం, వేదిక మీద మాత్రం ఎందుకు ముఖం చిట్లించాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సంఘం చివరికి ఒప్పుకున్న ఏర్పాటు ఇది: సంవాదాలు అమ్మాయి తన గొంతుతోనే చెబుతుంది, దరువులు, అంటే పాటలు, పక్కన కూర్చున్న గాయని పాడుతుంది. చెప్పినంత సులువు కాలేదు. మొదట్లో మాట ఒక స్థాయిలో, పాట మరో స్థాయిలో ఉండి, ఇద్దరు సత్యభామలు పోట్లాడుకుంటున్నట్టు వినిపించింది. తర్వాత సంవాదాలు కూడా తంబురా వేసుకుని, పాట శ్రుతికి దగ్గరగా సాధన చేశారు. గాయని ఊపిరి తీసే చోట్లు తెలుసుకుని నర్తకి పెదవి కదిపింది. తాళం వేస్తూ నృత్యాన్ని నడిపే నట్టువాంగం చేసిన గురువుగారే సూత్రధారిగా, సత్యభామ చెలికత్తె మాధవిగా మాట్లాడటంతో అతుకు బాగా కలిసింది.

రికార్డు చేసిన పాట పెట్టుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గేదని కోశాధికారి మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. లెక్క ప్రకారం ఆయన మాట సరైనదే, హాలు అద్దెకంటే వాద్యబృందం పారితోషికానికే ఎక్కువైంది. అయినా ప్రదర్శన నాడు ఏమైందో చూడండి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడ్డారు. సత్యభామ తన జడను తెర మీదుగా ఇవతలికి వేసే ఘట్టం. జడకుప్పెలు తెర అంచు కుట్టులో చిక్కుకున్నాయి. లోపల అమ్మాయి మెల్లగా విడిపించుకుంటోంది. గాయని తొణకకుండా పల్లవిని మళ్లీ ఎత్తుకుంది, ఒకసారి పైస్థాయిలో, ఒకసారి చిన్న సంగతులతో. మృదంగం ఆమె వెంటే నడిచింది. జడ జారి తెర ఇవతల వాలిన క్షణానికి సరిగ్గా సమం మీదికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చారు. సభ చప్పట్లు కొట్టింది. చాలామంది అదంతా ముందే అనుకున్నదే అనుకున్నారు. రికార్డు అయితే తన దారిన తాను చరణంలోకి వెళ్లిపోయేది.

శ్లోకం చదివిన పెద్దాయన చివరిదాకా కూర్చున్నారు. అమ్మాయి పాడి ఉంటే ఇంకా బాగుండేదని వెళ్తూ అన్నారు. మాట మార్చుకోలేదు, కానీ గాయనికి శాలువా తానే కప్పారు.

ఒక లోటు చెప్పాలి. గోడపత్రిక మీద నర్తకి ఫొటో, గురువుగారి పేరు పెద్దవిగా పడ్డాయి, గాయని పేరు ‘బృందం’ అన్న మాటలో కలిసిపోయింది. పాత్రకు గొంతు ఇచ్చినవారి పేరు పాత్రధారి పేరు పక్కనే, అంతే పెద్ద అక్షరాలలో ఉండాలని, పారితోషికం ప్రదర్శన నాడే చెల్లించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆమోదం సభ్యులది.

వచ్చే మే నెలలో నృసింహ జయంతి రోజులలో తంజావూరు దగ్గరి మెలట్టూరుకు వెళ్లాలని ఆలోచన. తమిళ ఊరిలో తెలుగు నాటకాలు ఆడే భాగవత మేళం అక్కడ ఉంది. వచ్చేవారు బస్సు సీటు కోసం పేరు, బయానా ముందే ఇవ్వాలి. ఆదాయ వ్యయాల పట్టిక విడిగా జతచేశాము. భామాకలాపానికి తీసుకున్న గజ్జెలు, రెండు జరీ ఉత్తరీయాలు ఇంకా కార్యాలయానికి చేరలేదు. ఎవరింట్లో ఉన్నా సర్వసభ్య సమావేశం లోపల తెచ్చి ఇవ్వగలరు.

ఇట్లు,
సాంస్కృతిక కార్యదర్శి