అరవైకే నిండే గంట

అమ్మలూ,

నిన్న ఫోనులో నువ్వు చెప్పిన లెక్క ఇంకా నా తలలోనే తిరుగుతోంది. పది గంటల నలభై ఐదు నిమిషాలకు అరగంట కలపమంటే మీ బడిలో మూడో తరగతి పిల్లవాడు 10:75 అని రాశాడన్నావు. వాణ్ణి కోప్పడకు తల్లీ. రూపాయికి వంద పైసలని, మీటరుకు వంద సెంటీమీటర్లని నేర్పింది మనమే. గంట మాత్రం అరవైకే నిండిపోతుందని వాడికి ఎలా తోస్తుంది?

అరవై చింతగింజలు ఇచ్చి పంచుకోమను. ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఐదుగురికి, ఆరుగురికి ఎలా పంచినా ఒక్క గింజ మిగలదు. పావుగంట, అరగంట, ముప్పావుగంట అక్కడే వాళ్ల చేతికి వస్తాయి. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఒకప్పుడున్న బాబిలోనియా వాళ్లు అరవైతో లెక్కలు కట్టారు, మన పెద్దలూ రోజును అరవై గడియలు చేశారు. గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నని చిల్లున్న గిన్నెను నీటి మీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ. గడియారం అన్న మాటలోనూ ఆ గడియే ఉంది.

సెకన్లు, నిమిషాలు, గంటల పట్టిక బట్టీ పట్టించే ముందు నిమిషం ఎంతో వాళ్లకు తెలియాలి. నేను పిల్లలను కళ్లు మూసుకోమని, నిమిషం అయిందనిపించగానే చెయ్యెత్తమనేవాణ్ణి. ఇరవై సెకన్లకే సగం చేతులు లేచేవి. ఒకసారి చివరి బెంచీ పాప మాత్రం పెదవులు కదుపుతూ లోపల లెక్కపెట్టుకుని, సరిగ్గా యాభై ఎనిమిదో సెకనుకు చెయ్యెత్తింది. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

గడియారం చూడటం నేర్పేటప్పుడు మొదటి వారం పెద్దముల్లు తీసేయి. మూడుంబావు అయితే చిన్నముల్లు మూడు దాటి కొంచెం జరుగుతుంది, మూడున్నరకు సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఇది కుదిరితే, మూడు గంటల యాభై నిమిషాలను నాలుగూ యాభై అని చదివే పొరపాటు చాలావరకు పోతుంది. ఏ నెలకు ఎన్ని రోజులో వాళ్లే పట్టేస్తారు, పిడికిలి కణుపుల మీద లెక్కపెట్టుకుంటే చాలు.

నేను వాడిన అట్ట గడియారం బస్సులో వచ్చే మీ పక్కింటివాళ్లతో పంపుతున్నాను. ముల్లు వదులైంది, కొత్త గుండుసూది గుచ్చుకో. ప్లాస్టిక్ కప్పు అడుగున సూదితో చిల్లు పెట్టి, తేలిపోకుండా లోపల చిన్న రాయి వేసి, బకెట్టు నీళ్లలో వదిలి చూడు, మునగడానికి ఎంతసేపు పట్టిందో పిల్లల చేతే రాయించి నాకు పంపు.

ఆశీస్సులతో,
నాన్న