అసహ్యంగా ఉందంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ప్రదర్శనలోంచి ఒక చిత్రాన్నో శిల్పాన్నో తీసేయమని గొడవ లేచినప్పుడల్లా పత్రికలు ‘జుగుప్సాకరం’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటున్నాయి. విచారణ లేకుండానే తీర్పు అయిపోతోంది.

తొలగించాలనేవాళ్లకు తత్త్వశాస్త్రంలో గట్టి దన్నే ఉంది. వ్యాధుల్నీ యుద్ధ విధ్వంసాన్నీ సైతం కళ అందంగా చూపగలదని 1790లో ఒప్పుకున్న జర్మన్ తత్త్వవేత్త కాంట్, జుగుప్సను మాత్రం మినహాయించాడు. మనం వద్దంటున్నా అసహ్యకరమైన వస్తువు ఆస్వాదించమంటూ మీద పడుతుంది. అప్పుడిక బొమ్మకూ వస్తువుకూ తేడా అనుభూతిలో మిగలదు అన్నాడు. భయం, దుఃఖం ‘ఇది నిజం కాదులే’ అనుకోగానే నెమ్మదిస్తాయి గానీ అసహ్యం నెమ్మదించదని మరో జర్మన్ తత్త్వవేత్త మెండెల్సన్ 1760లోనే రాశాడు. 1986లో మనస్తత్వవేత్త పాల్ రోజిన్ బృందం చేసిన ప్రయోగం ఆయన పక్షానే ఉంది. కుక్క మలం ఆకారంలో చేసిన చాక్లెట్ మిఠాయిని, మిఠాయేనని తెలిసి కూడా జనం తినడానికి వెనకాడారు.

అయితే ఈ వాదనే ఎదురు తిరుగుతుంది. తెలిసిన నిజాన్నే లెక్కచేయని స్పందనను ఒక కళాఖండం మీద సాక్ష్యంగా ఎలా నిలబెడతాం?

పైగా కాంట్ మాట అన్నిచోట్లా నిలవదు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1655లో వేసిన, తోలు ఒలిచి కొయ్య చట్రానికి వేలాడదీసిన ఎద్దు కళేబరాన్ని దగ్గర్నుంచి చూడండి. రంగు దట్టంగా, గరుకుగా మేటవేసి ఉంటుంది. ఒక క్షణం అది మాంసం, మరుక్షణం కుంచె జాడ. కడుపులో తిప్పినా చూపు మరలదు. బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ 1990లో గాజుపెట్టెలో పెట్టింది మాత్రం ఆవు తల, బతికున్న ఈగలు. అక్కడ రంగు అనే అడ్డు లేదు. ఈ రెంటినీ ఒకే మాటతో కొట్టిపారేస్తే ఇక విమర్శ దేనికి?

నాట్యశాస్త్రం రాసిన భరతుడు జుగుప్సను గెంటేయలేదు. బీభత్స రసానికి స్థాయిగా, అంటే మూలభావంగా నిలిపి, రక్తం వంటివాటితో పుట్టే క్షోభజం వేరు, మల క్రిముల వల్ల కలిగే ఉద్వేగి వేరు అని విడదీశాడు. విలేకరులు కనీసం ఆ మాత్రం చెప్పొచ్చు: ఇబ్బంది కంటికా, ముక్కుకా? ఉన్నది బొమ్మా, అసలు పదార్థమా? అసహ్యం వస్తువు మీదా, మనుషుల మీదా?

చివరి ప్రశ్నే ముఖ్యం. అసహ్యానిది అంటుకునే గుణం. ఒక వర్గపు మనుషుల్ని పురుగులతో, మురికితో జతచేసిన బొమ్మ ఎంత నేర్పుగా గీసినా అభ్యంతరం చెప్పాల్సిందే. అసహ్యాన్ని చట్టానికి ఆధారం చేయొద్దని అమెరికన్ తత్త్వవేత్త మార్తా నుస్‌బామ్ 2004లో వాదించింది ఈ ప్రమాదం చూసే. వేలాడే కళేబరం ఎవరినీ వెలివేయదు.

నిర్వాహకులకూ ఒక మాట. ‘కలతపెట్టే దృశ్యాలు’ అన్న బోర్డు వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ‘కుళ్లుతున్న మాంసం, ఈగలు, వాసన’ అని ద్వారం దగ్గరే రాయండి. వాసన వచ్చేవాటికి గాలిని బయటికి లాగే ఫ్యాన్లున్న వేరే గది కావాలి. కళ్లయితే మూసుకోవచ్చు, ఊపిరి బిగబట్టి ఎంతసేపు తిరుగుతారు? మిగతా ప్రదర్శనకు వెళ్లే ఒకే ఒక్క దారిలో మాత్రం వాటిని పెట్టకండి.

– ఒక పాఠకుడు