క్రీడాకారిణుల నెలసరికీ లెక్క ఉండాలి

నగర మైదానాల్లో కబడ్డీ, హాకీ, ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల శిక్షణలో నెలసరిని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. మా అమ్మాయి కబడ్డీ జట్టు కోచ్ పుస్తకంలో బరువు, పరుగు సమయం, హాజరు అన్నీ ఉంటాయి, ఇదొక్కటే ఉండదు. కడుపునొప్పితో ఆగిపోయిన పిల్లకు బద్ధకస్తురాలన్న పేరు పడుతుంది. అంతకంటే భయపెట్టేది మరొకటి ఉంది. సాధన పెరిగి, తిండి చాలక నెలసరి ఆగిపోతే, పీడ వదిలిందని పిల్లలు సంతోషపడటం విన్నాను. వరుసగా మూడు నెలలు రాకపోతే అది ఒంటికి శక్తి చాలడం లేదన్న హెచ్చరిక కావచ్చు. పట్టించుకోకపోతే ఎముకలు బలహీనపడి చిట్లే ప్రమాదం ఉంది. 2019లో ప్రపంచకప్ గెలిచిన అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు నెలసరి దశలను గమనించి ఆహారం, నిద్ర, విశ్రాంతి సర్దుకుంది. మనకు ఖరీదైన యాప్ అక్కర్లేదు, చేతిలో పట్టే క్యాలెండర్ చాలు. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ ప్రతి జట్టుకూ ఒక వైద్యురాలినో మహిళా ఫిజియోథెరపిస్టునో కేటాయించాలి. వివరాలు చెప్పడం, చెప్పకపోవడం అమ్మాయి ఇష్టం. చెప్పినవి ఆమె అనుమతి లేకుండా కోచ్‌కు గానీ, జట్టును ఎంపిక చేసేవారికి గానీ చేరకూడదు.

– ఒక క్రీడాకారిణి తల్లి, సరూర్‌నగర్, హైదరాబాద్