ఈ చలికాలం మిల్ఫర్డ్ సౌండ్ ట్రిప్పుల్లో ఒక మార్పు

అందరికీ నమస్తే. జూన్, జులై బుకింగ్స్ ఎప్పుడు ఓపెన్ చేస్తారని చాలామంది అడుగుతున్నారు, అందుకే అందరికీ కలిపి ఒకేసారి చెప్తున్నా. ఇక్కడ న్యూజిలాండ్‌లో చలికాలమైన జూన్ నుంచి ఆగస్టు దాకా, క్వీన్స్‌టౌన్ నుంచి పొద్దున మిల్ఫర్డ్ సౌండ్‌కి (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ట్రిప్పు ఆపేస్తున్నాం. ఇకమీదట దారి మధ్యలో ఉన్న టె అనౌ ఊళ్లో రెండు రాత్రులు ఉండగలిగే వాళ్లకే వ్యాన్ ఇస్తాం. దీనివల్ల కొన్ని బుకింగ్స్ పోతాయని తెలుసు, పోయినా పర్లేదు.

ఎందుకంటే రానూపోనూ దాదాపు 580 కిలోమీటర్లు, జూన్, జులైల్లో ఎనిమిదిన్నర దాటేదాకా సరిగ్గా వెలుతురే రాదు, అయిదుకల్లా చీకటి, ఇక రోడ్డు మీద కంటికి కనపడని మంచు పొర, అందులో వెనకాల కూర్చున్నది ఇండియా ఎండలు తప్పించుకుని పిల్లల్ని చూడ్డానికొచ్చిన మీ అమ్మానాన్నలు. దారిలో కొండని తొలిచి వేసిన హోమర్ టన్నెల్ తూర్పు ముఖం 945 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చుట్టూ కొండల మీంచి మంచు విరిగిపడే ప్రమాదం ఉంటే రోడ్డు మూసేస్తారు, ఒక్కోసారి హెలికాప్టర్ నుంచి పేలుడు పదార్థాలు వేసి ఆ మంచుని రోడ్డు సిబ్బందే ముందుగా కిందికి దించేస్తారు. అప్పుడు ఎవరూ ఏం చేయలేరు, ఆగాల్సిందే. చేతిలో ఇంకో రోజు ఉంటే ఆగడం కష్టం కాదు. మంచులో జారకుండా చక్రాలకి కట్టే చైన్లు మా వ్యాన్‌లోనే ఉంటాయి, ఆ సంగతి మాకొదిలేయండి.

ఇంత చెప్పాక చలికాలంలో అసలు రావాలా అని అడుగుతారేమో. తప్పకుండా రండి, నాకైతే ఇదే మంచి సీజన్. ఏడాదికి 6,800 మిల్లీమీటర్ల దాకా వాన పడే చోటు అది, చలికాలంలోనే కాస్త తెరిపిస్తుంది, గాలి లేని రోజున మైటర్ పీక్ అనే కొండ మంచుతో సహా నీళ్లలో మొత్తం కనిపిస్తుంది, బోట్‌లో జనం తక్కువ, శాండ్‌ఫ్లైల (కుట్టే చిన్న ఈగలు) బాధా తక్కువే. జులై నుంచి తవాకీ అనే రకం పెంగ్విన్లు గూళ్లు పెట్టుకోడానికొస్తాయి, అదృష్టం ఉంటే రాళ్ల మీద కనపడతాయి. ఒక్కటే లోటు, వాన లేకపోతే కొండల నిండా జారే వందల జలపాతాలు ఉండవు, 162 మీటర్ల బోవెన్, ఇంకా స్టిర్లింగ్, ఈ రెండే ఏడాదంతా ఉంటాయి. ఫోటోల్లో చూసిన ఆ తెల్లటి ధారలే కావాలంటే వాన రోజే మీకు మంచిరోజు.

డబ్బుల సంగతి. రెండు రోజులూ రోడ్డు మూసే ఉంటే మా వ్యాన్ డబ్బులు మొత్తం వెనక్కిస్తాం. బోట్ టికెట్లకి ఆ కంపెనీ రూల్స్ వర్తిస్తాయి, వాళ్లతో మేమే మాట్లాడతాం. రూమ్ ఖర్చు మాత్రం మీదే, అందుకే క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూమ్ చూసి బుక్ చేయండి.

ఇంకోటి, టె అనౌ దాటాక దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి బయల్దేరండి, లేకపోతే కంగారుపడతారు.